వాళ్ళ సున్నా ఒట్టి చుక్క

ఫ్రిజ్ తలుపు మీద చార్టు అంటించింది నేనే.
ఎక్కానికో బంగారు నక్షత్రం,
పది నక్షత్రాలకు పిజ్జా.
ప్లాంటులో మాకూ అలాంటిదే ఉంది మరి,
ప్రమాదం జరగని నెలకు పెట్రోలు కూపన్లు.

మొదటి వారం మేదిని ఏడో ఎక్కం దాకా పరుగెత్తింది.
రెండో వారం పుస్తకం తెరవకముందే
"దీనికెన్ని?" అంది,
వంకాయలు బేరమాడినట్టు.
మూడో వారానికి పిజ్జా మొహం మొత్తింది.
ఎనిమిది మూళ్ళ దగ్గర చదువు ఆగిపోయి
ఏసీ గాలికి చార్టు మూల ఒకటి
టపటపలాడుతూ ఉండేది.

నైట్ షిఫ్టు దిగి పడుకుని లేచిన ఒక సాయంత్రం
బకాలాలో ఖుబూస్, లబాన్ కొనుక్కుని బయటికొస్తే
పక్కన పిల్ల లేదు.
జుబైల్ ఎండ నాలుగున్నరకీ తగ్గదు.
గుండె ఒక మెట్టు జారింది.
చూద్దును కదా,
దుమ్ముకొట్టుకుపోయిన హైలక్స్ వెనక
గొంతుక్కూచుని
నంబరు ప్లేటుతో మాట్లాడుతోంది.

పైన అరబ్బీ అంకెలు, కింద బళ్ళో నేర్పిన అంకెలు.
ఒక వేలు పై వరసలో, ఒక వేలు కింది వరసలో.
"నాన్నా, వీళ్ళ సున్నా ఒట్టి చుక్క!
మన సున్నాని తీసుకుపోయి ఐదు చేసేశారు.
ఏడుని బోర్లిస్తే ఎనిమిది, చూడు!"

పదకొండేళ్ళుగా ఈ బళ్ళ వెనకే బండి నడుపుతున్నాను.
బ్రేకు లైట్లు చూశాను గానీ
ఆ చుక్క ఎన్నడూ కనబడలేదు నాకు.

అలవాటు పడిన చెయ్యి జేబులోకి పోయింది.
స్టికర్ల అట్ట అక్కడే ఉంది.
"అబ్బో, దీనికి నాలుగు నక్ష..."
"ఉండు నాన్నా, మాట్లాడకు, పోతుంది."

ఏం పోతుందని అడగలేదు.
రేపల్లెలో మోటార్లు బాగుచేసే కొట్టు ముందు
రాగితీగ చుట్లు లెక్కపెడుతూ కూచునేవాణ్ణి.
ఎవరో శెభాష్ అని చాక్లెట్ చేతిలో పెట్టారు.
మర్నాటి నుంచి నా చూపు
చుట్ల మీద లేదు, ఆయన జేబు మీద ఉంది.

ఎండ దాని మెడ మీద పడుతోంది.
నా నీడ దాని వీపు దాకా వచ్చేలా
రెండడుగులు పక్కకి జరిగాను.
అంతకన్నా చేయదగ్గ పని తోచలేదు.
లబాన్ సీసా చెమర్చి చేతిలో జారుతోంది.

ఇప్పుడు కింది వరసని అరచేత్తో మూసి చదువుతోంది.
ఒక కామ్రీ దగ్గర "మూడు" అంది.
మూసేముందు చూశాను, అది రెండు.
నోటిదాకా వచ్చింది. మింగాను.
పక్క బండికి పోయింది, ఆ పక్క బండికి పోయింది,
అక్కడ ఆగి తల గోక్కుని
"కాదు కాదు కాదు" అని గొణుక్కుంటూ
తనే పరుగున వెనక్కి,
కామ్రీ దగ్గరికి.