ఏడో ఫైనల్

రాత్రి రెండు దాటాక
నా ట్రాకు నాకు తెగ నచ్చింది.
అందుకే నమ్మలేదు.

మల్కాపురంలో రెండో అంతస్తు గది,
కిటికీకి అడ్డం బొంత, బొంత నిండా రేవు దుమ్ము.
నిమిషానికి నూట ఇరవై రెండు దెబ్బలు,
నాలుగుకి నాలుగూ నేల మీదే.
కింద బట్టలు కుట్టే గ్రేస్‌మణి గారు
చీపురు కర్రతో తన పైకప్పుని పొడిచి
ఐదో దెబ్బ తనే వేస్తారు.
ఆవిడ లయ తప్పరు, అదేం విచిత్రమో.

సముద్రం హోరు పెట్టలేదు.
ఈ ఊళ్ళో ట్రాకు చేసే ప్రతివాళ్ళూ పెడతారు.
నేను ఫిషింగ్ హార్బర్‌కి పోయి
తెల్లారుజామున ఐసు మర పక్కన ఫోను పట్టుకు నిలబడ్డాను.
దిమ్మ లోపల పడగానే ఒక గుటక,
తర్వాత కరకర,
తర్వాత ట్రేలోకి జారే తెల్లటి సర్రు.
సర్రుని కోసి హై-హాట్ చేశాను,
గుటకని కిక్కు కింద దాచాను.
మధ్యలో దిమ్మలు తోసే ఎర్రయ్య దగ్గితే
ఆ దగ్గుని తుడిచేశాను.
పగలంతా కంటైనర్ల నంబర్లు సరిచూసే ఉద్యోగం నాది,
తుడవడం బాగా వచ్చు.

అదే ఎర్ర పెన్నుతో
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను:

బేస్ బురద. కిక్కూ బేసూ ఒకే గుమ్మంలో
ఇద్దరు లావుపాటి చుట్టాల్లా ఇరుక్కున్నాయి,
ఎవరో ఒకరు పక్కకి జరగాలి.
రెండో నిమిషంలో వచ్చే తీగల సింథ్
ఏడుపు లేని చోట ఏడిపించాలని చూస్తోంది. సిగ్గు.
డ్రాప్‌కి ముందు ఆ ఊరింపు
వాన వస్తుందని నమ్మించి
ఉక్క మిగిల్చిపోయే మే నెల సాయంత్రం.
చప్పట్లు మరీ తడి.
ఇంత ప్రతిధ్వని దేన్ని కప్పిపుచ్చడానికి?
(తెలుసు. రాయను.)

పొద్దున్న సింధియాలో దాలినాయుడు ఆటో ఎక్కి
అతని చిరిగిన స్పీకర్లో పెట్టమన్నాను.
నెల రోజులు దిద్దిన బేస్ అడ్రసు లేకుండా పోయింది.
మిగిలింది ఐసు ఒక్కటే,
రేకు మీద చినుకుల్లా.
కాన్వెంట్ జంక్షన్ దాకా ఏమీ అనలేదు అతను.
సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి అడిగాడు:
“ఏటమ్మా, ఇది ఎప్పుడు మొదలవుద్ది?”
అప్పటికి నాలుగో నిమిషం.

ఆ రాత్రి ఒక్కో ట్రాకు నోరూ మూసుకుంటూ వచ్చాను.
తీగలు పోయాయి, ఏమీ పోలేదు.
అరువు తెచ్చిన గొంతు ముక్క పోయింది,
గది కాస్త విశాలమైంది.
చప్పట్లు తీసేటప్పుడు మాత్రం చెయ్యి ఆగింది,
వాటికి మూడు రాత్రులు పట్టాయి.
తీశాను.

కిక్కు. ఐసు.
అప్పుడు వినపడింది నేను చేసిన అసలు ఘోరం.
ఆ మర ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాగా కొరికేది,
దిమ్మ బరువుని బట్టి, తోసేవాడి భుజాన్ని బట్టి.
నేను దాన్ని గళ్ళలో నిలబెట్టాను
ప్రార్థనకి నిలబెట్టిన బడిపిల్లల్లా.
ఒక్క మీట నొక్కి ఇంటిబెల్లు కొట్టాను.
ఎవరి నడకన వాళ్ళు వచ్చారు.

పాత రికార్డింగు తెరిచి దగ్గుని వెతికాను.
రెండుసార్లు దగ్గాడు. రెండోది బాగుంది
అనుకున్న వెంటనే నా మీద నాకే చిరాకేసింది.
మనిషి ఛాతీలో చెమ్మ బాగుండటమేమిటి?
అయినా పెట్టాను, పదహారు బార్లకొకసారి.
తప్పో ఒప్పో రాయడానికి
బిల్లు వెనక చోటు లేదు.

ఆదివారం ఎర్రయ్య చెవికి ఫోను పెట్టాను.
కళ్ళు చికిలించి మొత్తం విన్నాడు,
సాగుతోందని నాకు తెలిసిన ఐదో నిమిషంతో సహా.
దగ్గు మూడుసార్లు వచ్చింది, గుర్తుపట్టలేదు.
లేదా పట్టాడు.
“మర మాదే గానీ, ఇది పాత బ్లేడు.
మొన్ననే మార్చినారు. ఇప్పుడింకా సన్నంగా అరుత్తాది.
రేపు నాలుగింటికి రా.”

ఇంటికొచ్చి
ఫోను చార్జింగు పెట్టాను.