మొదటి మూడు వందల మీటర్లు

రాత్రి పదకొండు దాటాక, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ మేడ మీద
పైకప్పు రేకు పక్కకి జరుపుతాం.
ముందు విమానాల వాళ్లకి ఫోన్ చేసి చెప్పాలి,
అది నా పని.
తర్వాత మూడు వెలుగులు ఒకేసారి పైకి పోతాయి.
కంటికి ఆనేది నడిమి ఆకుపచ్చ ఒక్కటే.
ఊదాకి అవతలిదొకటి, ఎరుపుకి అవతలిదొకటి
చడీ చప్పుడూ లేకుండా దాని వెంట నడుస్తాయి.

జాలారిపేట పిల్లలు ఆ పచ్చ దారాన్ని చూసి
పైనుంచి ఎవరో గేలం వేశారనుకుంటారట.
అనుకోనీ.
మేమూ కాచుకునేది ఒక పిసరు కోసమే,
దేనికో తగిలి వెనక్కొచ్చే వెలుగు కోసం.

చిన్న నలుసు ఊదాని గట్టిగా విసురుతుంది,
ఎరుపుని పట్టించుకోదు.
పెద్ద నలుసుకి ఆ పక్షపాతం లేదు.
సముద్రం పంపిన ఉప్పు, తడిసి గుండ్రమై,
మూడింటికీ ఇంచుమించు ఒకటే జవాబు చెబుతుంది.
ఎండాకాలం పడమటి నుంచి వచ్చే దుమ్ముకి కోణాలెక్కువ,
వెలుగుని మెలిపెట్టి గానీ వదలదు.
పోర్టు బొగ్గు మసికి మాత్రం
పుచ్చుకోవడమే తెలుసు.
తెర మీద గీత అక్కడ కుంగుతుంది.
ఆ కుంగిన చోట నేను చాలా రాత్రులు ఆగిపోయాను.

"ఏటి కనిపిత్తందమ్మా?"
వాచ్‌మన్ తవిటయ్య. ఇల్లు జ్ఞానాపురం.
రెండు కిలోమీటర్ల ఎత్తున ఒక పొర ఉంది,
మబ్బు కాదు, చెప్పాను.
"మరి కిందో?"

కింద కనపడదు.
దాచుకోవలసిందేం కాదు, పాఠంలోనే ఉంది:
లేజరు దారీ దూరదర్శిని చూపూ
మూడు వందల మీటర్ల దాకా పూర్తిగా కలుసుకోవు.
ఆ ముక్కని గ్రాఫు గీసే ముందే
కత్తిరించి పారేస్తాం.

"అయితే మా ఇల్లు మీ మిసన్లో నేదన్నమాట."

కోపంగా ఏం అనలేదు.
కాలరు మడత విప్పి ట్యూబ్‌లైటు కింద చూసుకున్నాడు.
మడత లోపల చొక్కా ఇంకా తెల్లగానే ఉంది.
మళ్లీ మడిచేసి
టీ తేవడానికి మెట్లు దిగాడు.

డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతూనే ఉంది.
నాలుగింటికి మంచు దిగింది, రేకు మూసేశాం.
ఫైలు చివర 'గమనికలు' అని ఒక గడి ఉంటుంది,
ఎప్పుడూ "ఆకాశం నిర్మలం" అని రాస్తాను.
ఈసారి రాశాను:
గాలి కదల్లేదు.
మూడు వందల మీటర్ల లోపల, తవిటయ్య చొక్కా.
సార్ అడిగితే
అప్పుడు చూద్దాం.