తలుపు గంట

బ్లైనై ఫెస్తీనియోగ్‌లో వాన కూడా పలకరాయి రంగే.
గంట మోగినా గెథిన్‌కి వినపడదు.
ఎడమ చెవిలో గుబిలి,
తాళంచెవితో కెలుక్కుని మరీ వచ్చాడు.
గాయం లేదని చూసి, గట్టిగా, వెల్ష్‌లో చెప్పాను:
"ఆలివ్ నూనె. రెండేసి చుక్కలు. పక్కకి ఒరిగి పడుకో.
ఆ తాళంచెవి తలుపుకే, నీ చెవికి కాదు."

వెనకాల చంకలో పసిది, పుసికట్టి అంటుకున్న రెప్పలు.
కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక్కో కంటికి ఒక్కో దూది,
తుడిచే తీరు తల్లికి చూపించాను.

తర్వాత నెరిస్, గ్యారేజీలో వెల్డింగు చేసే పిల్ల.
ఒక కన్నే ఎరుపు.
"ఏవో చుక్కలివ్వు, బస్సుంది."
దీపం కేసి చూడమన్నాను.
చూడలేకపోయింది.
అక్షరాలు మసకా అంటే
భుజాలెగరేసింది.

సీసా అప్పటికే నా చేతిలో ఉంది.
మళ్ళీ అరలో పెట్టేశాను.
"ఇది నా వల్ల అయ్యేది కాదు. ఇప్పుడే, ఈ బస్సుకే,
బాంగర్ ఆసుపత్రికి."
తిట్టింది. గంట ఊడిపడేలా తలుపేసి పోయింది.

ఐదో రోజు గెథిన్ గడపలోనే ఆగాడు.
తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి,
"ఈ గంట ఎప్పుడు పెట్టించావు?"

పదకొండేళ్ళయింది.
అది మోగినప్పుడల్లా నేనిప్పుడు
నెరిసేమోనని తలెత్తుతున్నాను.