కూర్చోలేని వాళ్ళ ధర్నా

కనిగిరి ఎమ్మార్వో ఆఫీసుకి ఎదురుగా
రోడ్డుకి ఈవల నా జిరాక్సు కొట్టు.
కాపీ రెండు రూపాయలు, అర్జీ టైపు చేస్తే ఇరవై.
ధర్నాల మీద నాకు అభిప్రాయాలు చాలా ఉండేవి,
అన్నీ ఫ్యాను కింద కూర్చుని సంపాదించుకున్నవే.

అరిస్తే గొంతు పోద్దిగానీ గోడ కదలదనేవాణ్ణి.
పదిమంది పోగైతే
పదకొండోవాడొచ్చి నాయకుడవుతాడనేవాణ్ణి.
టీకి వచ్చిన కానిస్టేబులు
"నిజమే మస్తానయ్యా" అని తలూపేవాడు.
ఆయన ఒప్పుకోవటం చూసైనా
నా మీద నాకు అనుమానం రావాల్సింది.

నా కంప్యూటర్లో ఒక ఫైలుంది, పేరు 'నీళ్ళు'.
మొదట మాలకొండయ్య చెప్తుంటే కొట్టాను,
'మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నందున...'
తర్వాత పద్నాలుగేళ్ళూ
తేదీ మార్చటం, ఆఫీసరు పేరు మార్చటం, ప్రింటు తియ్యటం.
కింద వేలిముద్రలు ఏటా కొన్ని తగ్గేవి.
అది మాత్రం నేను మార్చింది కాదు.

ఒకసారి 'దయతో' అన్న మాట తీసెయ్యమన్నాడు.
తీస్తే వాక్యం బాగుండదన్నాను.
"బాగుండకపోతే పోనియ్ అబ్బయా,
నీళ్ళడగటానికి దయెందుకు?"
తీసేసి చదువుకున్నాను.
వాక్యానికేం కాలేదు.

మొన్న ఎండాకాలం, సోమవారం,
ట్రాక్టరు దిగారు నలభై మంది.
దిగటానికే అరగంట.
పార్టీ వాళ్ళు టెంటేసి, పట్టా పరిచి,
అందరూ బైఠాయించాలని మైకులో చెప్పారు.
ఎవరూ కూర్చోలేదు.

ఆ మోకాళ్ళు మడిచి ఎన్నేళ్ళయిందో.
ఆ నడుములు ఒకసారి నేలకి దిగితే
లేపటానికి ఇద్దరేసి కావాలి.
వెంగమ్మ కర్ర మీద రెండు చేతులూ ఆనించి
"మేం నిలబడతాంలే నాయనా, మీరు కూర్చోండి" అంది.
పార్టీ వాళ్ళు కూర్చున్నారు, ఫోటో దిగారు,
ఎండెక్కగానే లేచారు.
కారు రేపిన దుమ్ము నా కొట్టు అద్దానికి ఇంకా ఉంది.

మధ్యాహ్నం ఆఫీసరు బయటికొచ్చాడు. కొత్త కుర్రాడు.
తల వంచి దండం పెట్టని మనుషుల్ని చూసి
"ఏంటి, పొగరా?" అన్నాడు.
గుమాస్తా ఈ నేల వాడే.
"కాదు సార్. మెడ ఎముకలు. వంగవు."

విరిచిన నీళ్ళే వంగకుండా నిలబెట్టాయని
కవిత్వంలాంటి మాటొకటి నా నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
నొప్పి వాళ్ళది.
దాన్ని గొప్పగా చెప్పే పని నాకెవరిచ్చారు?

దప్పికైంది. వెనక్కి తిరిగితే
కొట్లో మూలన ఇరవై లీటర్ల క్యాను.
నేను తాగేది అవే.
క్యాను ఇరవై.
అర్జీ ఇరవై.
పద్నాలుగేళ్ళు లెక్కలేసుకునే మనిషికి
ఈ లెక్క ఇంతకాలం ఎట్టా తట్టలేదో!

క్యాను భుజానికెత్తి రోడ్డు దాటాను.
నలభై అడుగులుంటుందేమో ఆ రోడ్డు.
"నీకెందుకయ్యా, కొట్టు చూసుకో" అన్నాడు కానిస్టేబులు.
వెంగమ్మకి తల వెనక్కి వాలదు.
గ్లాసు నేనే పట్టి
కొంచెం కొంచెం వంచాల్సొచ్చింది.
సగం ఆమె చీర మీద పోయింది.
సాయంత్రందాకా అక్కడే ఉన్నాను.
నినాదాలేం ఇవ్వలేదు, నాకు చేతకాదు.
కాళ్ళు మాత్రం పీకాయి.
నావి మంచి నీళ్ళు తాగిన కాళ్ళు.

పోరాటం గెలుస్తుందా అంటే ఇప్పటికీ తెలియదు.
గోడ కదలదనే అనిపిస్తుంది చాలా రోజులు.
కానీ ఆ మాట రోడ్డుకి ఈవల నుంచి
అనటం మానుకున్నాను.

నీళ్ళు రాలేదు.
పోయిన వారం మళ్ళీ తేదీ మార్చాను.
వేలిముద్రల పక్కన నేనూ సంతకం పెట్టి
డబ్బులొద్దన్నాను.
మాలకొండయ్యకి కోపమొచ్చింది.
"నీ పనికి నువ్వు తీసుకో,
ఊరికే వస్తే రేపు గట్టిగా అడగలేం."
బల్ల మీద పెట్టి, కాళ్ళీడ్చుకుంటూ పోయాడు.

ఆ ఇరవై నోటు ఇంకా కీబోర్డు కిందే ఉంది.
క్యాను అబ్బాయి రోజూ వస్తాడు.
వేరే నోటు తీసిస్తున్నాను.