సొరంగం చివర

మల్కాపురంలో మా మేడమీద గదిలో
ఇనుముకి రెండే వయసులు: కొత్తది, తుప్పుపట్టింది.
మధ్యలో కాస్త ఆగి ఊపిరి పీల్చుకునే వ్యవధి
ఉప్పుగాలి ఇవ్వదు.

అందుకే దొండపర్తి కొట్లో పోలారావు
గాజు బీరువాలోంచి ఆ గ్రాఫిక్స్ కార్డు తీసి
"మూతపడ్డ నెట్ సెంటర్‌ది, గుర్రంలాగ పరిగెడతాది" అంటే
గుర్రానికి చూసినట్టే ముందు పళ్ళు చూశాను.
బంగారు పళ్ళ వరస. ఒక మూల ఆకుపచ్చ.
రెండున్నర వేలు. సరే అన్నాను.

ఆట పేరెందుకులే. ఒక కారు, ఒక కొండదారి.
సొరంగంలో దూరి బయటపడితే
అవతల మంచు కురుస్తుందట.
అట అనే అనాలి.
మొదటి పలుకు రాలకముందే తెర నల్లబడిపోతుంది,
చక్రాల మోత మాత్రం నత్తి పట్టినట్టు
ఒక్క అక్షరం దగ్గరే
ర్‌ర్‌ర్‌ర్ అంటూ ఉండిపోతుంది.

మా మేనకోడలు నూకరత్నం
సైన్సు నోట్సు చివరి పేజీలో రాసింది:
ఆదివారం, సొరంగం చివర.
సోమవారం, సొరంగం చివర.
బుధవారం కరెంటు పోయింది, లెక్కలోకి రాదు.

డ్రైవరు తీసేసి కొత్తది ఎక్కించాను.
రిటైరైన ఫోర్‌మన్ గేటు దగ్గర నిలబడితే
కొత్తగా చేరిన సెక్యూరిటీ కుర్రాడు
"మీరెవరండీ" అన్నట్టు
కార్డుని గుర్తే పట్టలేదది.
ఆరేళ్ల కిందటి పాత డ్రైవరు వెతికి పెట్టాను.
రెండు మంచుపలుకులు రాలాయి.
మూడోదానికి పోయింది.

పక్క రేకు విప్పాను.
ఫ్యాను రెక్కల మీద మందంగా బొగ్గుమసి.
మా వీధిలో అందరి ఎక్స్‌రేలూ
ఇక్కడే తీసినట్టున్నారు.
పెయింటు బ్రష్షుతో దులిపాను.
జామెట్రీ పెట్టెలోంచి పిల్ల రబ్బరు ఇస్తే
ఆకుపచ్చ పోయేదాకా పళ్ళు తోమాను.
చిప్పు మీద పెచ్చుకట్టిన పేస్టు గీకి
బఠాణీ గింజంత కొత్తది పెట్టాను.
అయినా వేడి తొంభైనాలుగు.

నేను షిప్‌యార్డులో వెల్డర్ని.
ప్లేటు పండుమిరప రంగుకొస్తే ఎంత,
నారింజకి తిరిగితే ఎంత,
ముట్టుకోకుండా చెబుతాను.
తొంభైనాలుగంటే మా లెక్కలో చల్లదనం,
దానిమీద గ్లాసుడు టీ అయినా పొంగదు.
ఆ పాటి వేడికే చచ్చిపోతోందిది,
ఎర్రబడదు, మూలగదు, ముందుగా ఒక్క మాట చెప్పదు.
రంగు మారని వేడిని
ఎలా చదవాలో నాకెవరూ నేర్పలేదు.

"దాన్ని మరీ తోలీకు మావయ్యా" అంది పిల్ల.
కార్డు పరుగు వంద మెగాహెర్ట్జ్ దించాను.
నీడలు ఆపాను.
తడిరోడ్డు మీద మెరుపు ఆపాను.
దూరాన ఉన్న చెట్లు, వాటి వెనక పొగమంచు.
ఇంక ఆపడానికి ఒక్కటే మిగిలింది.
ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
ఆ మీట నేను నొక్కలేదు, తనే నొక్కింది.

సొరంగం. చీకటి. చివర గుండ్రటి వెలుగు.
వెలుగు పెద్దదైంది.
బయటపడ్డాం!
మంచు లేదు, చెట్టు లేదు, నీడ లేదు,
ఎండలో మొండి గోధుమరంగు బండ
మెలికలు తిరిగే రోడ్డు.
"ఏటి మావయ్యా, ఇది యారాడ కొండ కదేటి!"
నిజమే. మే నెలలో మా కిటికీ తెరిస్తే
పైసా ఖర్చు లేకుండా కనిపించేది ఇదే.
ఇరవై రోజులు, పేస్టుకి నూట అరవై.

రాత్రి షిఫ్టు బస్సుకి టైమైపోయింది.
టేబుల్ ఫ్యాను కార్డు వైపు తిప్పి వచ్చేశాను.
పిల్ల జడ పైకి ముడేసుకుని
ఉక్కలో మెడ తుడుచుకుంటూ
బోడికొండ మీద తోలుతూనే ఉంది.

టీ బ్రేకులో ఫోను మోగింది.
"మావయ్యా, మంచు మళ్ళీ పెట్టీసాను."
"ఆగిపోయిందా?"
"ఆ."
కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది.
"అయిదు లెక్కపెట్టాను."