రెండో టేక్

నా పని వినడం.
చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో గెడకర్రంత పొడుగు కర్ర,
దాని కొసన బొచ్చుపిల్లిలాంటి మైకు.
రూసెలారె ఊరి బయట, హైవే పక్క హోటల్లో
ఆ జట్టు దిగిన పదకొండు రోజులూ
మాటకు ముందు వాళ్లు పీల్చిన ఊపిరి కూడా
నా దగ్గర జమ అయింది.

మీరు టీవీలో చూసింది సైకిళ్లు.
నేను విన్నది వాషింగ్ మెషీన్లు.
ట్రక్కు కడుపులో రెండు, పొద్దస్తమానం తిరుగుతూ
ఎనిమిది మంది బురదని ఒకే నీళ్లలో కలిపేవి.
ఫిర్మిన్ గొలుసులు కడుగుతూ ఈల వేసేవాడు,
కెమెరా మలుపు తిరగ్గానే ఆపేసేవాడు,
"ఈలకి నాకు జీతం రాయలేదు" అని.
తెల్లారగట్ల నాలుగున్నరకి గోడెలీవ్ అన్నం వండేది,
ముద్దగా, తియ్యగా. పళ్లెంలో అదిమి, ముక్కలు కోసి
రేకు కాగితంలో చుట్టేది.
పొట్లాల మీద పేర్లు రాయవేం అంటే
ఆకలికి పేరెందుకు అంది.
ఆ మాట ఎడిటింగులో పోయింది.

టిలెన్ సంగతి చెప్పాలి.
స్లొవేనియా కొండల్లోంచి వచ్చినవాడు, ముప్పైమూడేళ్లు.
తొమ్మిదేళ్లుగా అతని ఉద్యోగం
గుంపులోంచి కారు దాకా వెనక్కి జారడం,
చొక్కా వెనక ఏడు సీసాలు కుక్కుకుని
గూనితో మళ్లీ ముందుకు పాకడం.
గెలిచిన ఫొటోల్లో అతను ఉండడు.
గెలిచినవాడి గొంతు దిగిన నీళ్లలో ఉంటాడు.

ఆ మంగళవారం, కింది అంతస్తు మీటింగు గది.
కాఫీ యంత్రం గుర్రు పెడుతుంటే నేనే వెళ్లి ప్లగ్గు పీకాను.
మేనేజరు ఉర్బేన్ కాగితం బోర్లించి పెట్టి చెప్పాడు:
"జులై జాబితాలో నువ్వు లేవు.
వచ్చే ఏడాది జాబితాలో కూడా."
టిలెన్ కాసేపు ఆగి
"మరి బూట్లు?" అన్నాడు.
"కొత్తవాటికి నిన్ననే కొలతలిచ్చాను. ఆపమని చెప్పనా?"

అంతే.
వాన. ఉర్బేన్ గుటక.
టైలు మీద కుర్చీ కాలు కీచుమనడం.

అప్పుడు తెలిసింది, కెమెరాలో కార్డు నిండిపోయిందని.
బొమ్మ గడప దగ్గరే ఆగిపోయిందని.
మా దర్శకురాలు సెవెరీన్ మంచిదే,
రోజూ అందరి కాఫీలకూ తనే డబ్బులిచ్చేది.
నేల చూస్తూ అడిగింది:
"ఏమీ అనుకోకపోతే, ఒక్కసారి... తలుపు దగ్గర్నించి?"

సరే అన్నాడు.
తొమ్మిదేళ్లుగా సరే అనడమే కదా పని.
బయటికెళ్లి తలుపు తట్టాడు.
మొదటిసారి తట్టలేదు.
ఉర్బేన్ అదే కాగితం తీసి మళ్లీ బోర్లించాడు.
అవే మాటలు, ఈసారి కాస్త స్పష్టంగా.
టిలెన్ ఏడ్చాడు.
బాగా ఏడ్చాడు, ముఖం కిటికీ వెలుగు వైపే ఉంచి.
అది నటనో,
మొదటి దెబ్బ ఎముక దాకా చేరడానికి
అంతసేపు పట్టిందో
చెప్పలేను. ఇరవై రెండేళ్లుగా వింటున్న చెవులివి.

నాలుగో భాగం, ముప్పై ఒకటో నిమిషం.
మా అక్క సోఫాలో ముక్కు చీదుకుంటూ అడిగింది
"నువ్వక్కడే ఉన్నావా?"
ఉన్నాను.
భుజం పీకుతోంటే
మైకు నీడ గోడ మీద పడకూడదని మాత్రమే అనుకుంటూ.

మొదటిది నా దగ్గరుంది. బొమ్మ లేదు.
రెండు నిమిషాల పధ్నాలుగు సెకన్లు.
ఎవరూ అడగలేదు.

బూట్లు ఆగస్టులో వచ్చాయట.
ఫిర్మిన్ ఫోన్ చేసి చెప్పాడు:
తెల్లవి, నలభైమూడు సైజు, మడమ మీద పేరు.
జట్టులో ఎవరి కాలికీ పట్టలేదట.
చెప్పి, ఏం మాట్లాడాలో తోచక
ఈల వేశాడు.
చివరిదాకా వేశాడు.