తుమ్ముల కాలం

మాఘం దాటిందంటే మా వీధికి ఒకటే వాసన.
ఏటుకూరు రోడ్డు పొడుగునా లారీలు బారు కడతాయి,
టిక్కీలు దిగుతాయి,
గాలి ఎర్రబడుతుంది. కంటికి కనపడదు గానీ
ముక్కుకి తెలుస్తుంది.

చిన్నోడు తుమ్ముతాడు.
"చిరంజీవ" అంటాను.
హెప్సీ తుమ్ముతుంది.
"చిరంజీవ."
గోడ అవతల రహీమున్నీసా మనవరాలు తుమ్ముతుంది,
దానికీ ఒకటి ఇటునుంచే విసురుతాను.

మా అమ్మ మాట అది.
మా అత్తకి గిట్టదు, "స్తోత్రం అనవే" అంటుంది.
తుమ్ములు మరీ ఎక్కువైన రోజున రెండూ అంటాను.
విన్నవాళ్ళు విన్నట్టు.

ఎనిమిదింటికల్లా కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఉండాలి.
మొహాలకి పాత చున్నీలు చుట్టుకుని ముప్ఫై మందిమి
కిలోకింత అని తొడిమలు తీస్తాం.
అక్కడా తుమ్ముతాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు.
అంటూ కూర్చుంటే కాటాకి ఏం వస్తుంది?
తేజ కాయ అయితే
మధ్యాహ్నానికే వేళ్ళు నావి కావు.

ఇంటికొచ్చిన మొదటి అరగంట
నేను నా పిల్లలకి అంటరానిదాన్ని.
మా తాతని ఊరు అన్న మాటే ఇది.
నన్ను నేనే అనుకుంటాను, అదీ అరగంటకే,
అందుకని నవ్వొస్తుంది.
పుల్లమజ్జిగ గిన్నెలో వేళ్ళు ముంచి కూర్చుంటాను,
తర్వాత కొబ్బరినూనె, తర్వాత సబ్బు, మళ్ళీ మజ్జిగ.
గడప పట్టుకుని చిన్నోడు ఏడుస్తాడు.
ఉండబట్టలేక
మోచేతులతో ఎత్తుకుంటాను, కట్టెలమోపులా.
గడ్డంతో వాడి కన్నీళ్ళు తుడుస్తాను.

ఆ అరగంటా హెప్సీయే నా చేతులు.
ఆరేళ్ళ పిల్ల. తమ్ముడి చీమిడి తీస్తుంది,
నా కళ్ళమీది వెంట్రుకలు వెనక్కి తోస్తుంది,
బిస్కెట్టు విరిచి
పెద్ద ముక్క తను తిని, చిన్న ముక్క నా నోట్లో పెడుతుంది.
ప్రభురాత్రి భోజనంలో రొట్టె ముక్క
దానికన్నా చిన్నది.

పోయినేడు ఒకరోజు మర్చిపోయాను.
వాడి కంట్లో నలక పడిందని వేలు పెట్టాను.
ఆ కేక పాత గుంటూరు దాకా వినపడి ఉంటుంది.
చెంబులకి చెంబులు నీళ్ళు, చల్లటి పాలు, తడిగుడ్డ,
ఆటో నడపడం ఆపి పరిగెత్తుకొచ్చిన మా ఆయన తిట్లు.
ఆ రాత్రి నేను ప్రార్థన చెయ్యలేదు.
చేతులు జోడిద్దామంటే
చేతులే అడ్డమొచ్చాయి.
తెల్లారేసరికి వాడు ఒక కన్ను విప్పాడు,
తర్వాత రెండోది.
ఎర్రగా, గురివిందగింజల్లా.
నన్నే చూశాడు. చూసి,
ఏమీ జరగనట్టు, చేతులు చాచాడు.

క్షమాపణ గురించి ఆదివారం అయ్యగారు
చాలాసేపు చెప్తారు.
నాకు ఆ ఒక్క కన్ను విప్పడమే గుర్తొస్తుంది.

మొన్న చారు పోపు వేస్తూ నేనే తుమ్మాను.
అమ్మ పోయాక నా తుమ్ముకి దిక్కు లేదు.
వెనక డబ్బా మూతలు వాయించుకుంటున్న చిన్నోడు
తల కూడా ఎత్తకుండా
"చింజీ" అన్నాడు.
పోపు మాడింది. మాడనిచ్చాను.

వానలు మొదలైతే గాలి కడుక్కుంటుంది.
లారీలు పల్చబడతాయి, షెడ్డులో పని సగానికి పడుతుంది,
పచారీ కొట్లో పద్దు పెరుగుతుంది.
ఇల్లు ఉన్నట్టుండి నిశ్శబ్దం.
రాత్రి కరెంటు పోతే
చాప మీద ఇద్దరూ కాళ్ళూ చేతులూ కలిసిపోయి పడుకుంటారు,
ఎవరి కాలు ఎవరిదో తెలీదు.
మంట లేని వేళ్ళతో
ఇద్దరి నుదుళ్ళూ తడుముతాను.
ఎవరూ తుమ్మరు.

అయినా అంటాను.